సాఫ్ట్‌నర్ డ్రైన్ ఫిట్టింగ్ మార్చాక కారుతోంది, ఉప్పు కూడా తగ్గట్లేదు

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు హోరమావులో సొంతిల్లు కట్టుకుని ఉంటున్నాం. బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు. మేడ మీద ట్యాంకు, దానికి ప్రెషర్ పంపు ఉన్నాయి. కింద యుటిలిటీలో ఆటోమేటిక్ వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించాం. పది అంగుళాల సిలిండర్, పక్కన ఉప్పు డబ్బా. పోయిన నెల రాత్రిపూట రీజనరేషన్ (సాఫ్ట్‌నర్ ఉప్పునీటితో తనను తాను కడుక్కోవడం) జరుగుతుండగా డ్రైన్ పైపు తగిలించే ప్లాస్టిక్ ముక్కు విరిగి యుటిలిటీ అంతా నీళ్లయ్యాయి. ప్లంబర్ హార్డ్‌వేర్ షాపు నుంచి ఒక నాజిల్ తెచ్చి బిగించాడు. ఫ్లోర్ ట్రాప్ నిండి పొంగుతోందని పైపును కిటికీ పైనుంచి తీసుకెళ్లి బయటి ఛాంబర్‌లో వేశాడు. అప్పటి నుంచి రీజనరేషన్ అయినప్పుడల్లా నాజిల్ మొదట్లో బొట్లుబొట్లుగా కారుతోంది. అదీకాక ఉప్పు డబ్బాలో నీళ్లు పెరుగుతున్నాయి, ఉప్పు మాత్రం తగ్గట్లేదు. కుళాయిల మీద మళ్లీ తెల్ల మరకలు వస్తున్నాయి. కారే చోట ఎమ్-సీల్ పెడితే సరిపోతుందని ప్లంబర్ అంటున్నాడు. పెట్టించమంటారా? ఇంకో సందేహం, ఈ డ్రైన్ నీళ్లు మొక్కలకు పోయవచ్చా?

సమాధానం: ఎమ్-సీల్ పెట్టించకండి. అది గట్టిపడ్డాక ఫిట్టింగ్ మళ్లీ ఊడి రాదు. బలవంతంగా తీస్తే వాల్వ్ బాడీలోని థ్రెడ్ కూడా దానితోపాటే లేచిపోతుంది. అప్పుడు మార్చాల్సింది చిన్న ముక్కును కాదు, మొత్తం వాల్వ్ హెడ్‌ను. పైగా మీకున్న రెండు ఇబ్బందుల్లో కారడం చిన్నది. ఉప్పు తగ్గకపోవడమే పెద్దది, దానికి ఎమ్-సీల్‌తో పనే లేదు. రెండూ ఆ నాజిల్ మార్చినప్పుడే మొదలయ్యాయని మీరు రాసిన తీరే చెబుతోంది.

డ్రైన్ ఫిట్టింగ్‌ను పైపు తగిలించే ముక్కుగానే చూస్తారు చాలామంది ప్లంబర్లు. సాఫ్ట్‌నర్‌కు అది అంతకన్నా ముఖ్యం. రీజనరేషన్‌లో అడుగడుగునా నీళ్లు ఆ దారినే బయటికి పోవాలి. మొదట బ్యాక్‌వాష్: నీళ్లు సిలిండర్‌లో కింది నుంచి పైకి వచ్చి, రెజిన్‌ను, అంటే నీటి గట్టితనాన్ని పట్టుకునే గింజలను కదిలించి, మట్టిని కడిగి తీసుకుపోతాయి. తర్వాత వాల్వ్ లోపలి ఇంజెక్టర్ ఉప్పునీటిని డబ్బాలోంచి పీల్చి రెజిన్ గుండా నెమ్మదిగా పంపుతుంది. ఆపైన కడగడం, చివర డబ్బాలో మళ్లీ నీళ్లు నింపడం. పీల్చడానికి మోటారేమీ ఉండదు. సన్నని రంధ్రంలోంచి వేగంగా దూసుకుపోయే నీళ్లే ఆ పీల్పును పుట్టిస్తాయి. ముందున్న డ్రైన్ దారి తెరిచి ఉంటేనే ఆ వేగం వస్తుంది. దారి ఇరుకైనా, పైపు ఎత్తుకు ఎక్కినా ఎదురు ఒత్తిడి పెరిగి పీల్పు ఆగుతుంది. అంతటితో ఆగక నీళ్లు వెనక్కి తిరిగి ఉప్పు డబ్బాలోకే చేరతాయి. మీ డబ్బాలో నీళ్లు పెరగడానికి కారణం ఇదే అయి ఉండాలి.

కాబట్టి ముందు పైపు సంగతి చూడండి. సాధారణంగా కిటికీ పైఅంచు ఏడడుగులు ఉంటుంది. ఎత్తు ప్రతి పది మీటర్లకు ఒక బార్ ఒత్తిడి తింటుంది కనుక ఏడడుగులకు పోయేది 0.2 బార్ మాత్రమే. నాలుగు బార్ల ఒత్తిడి ఉన్న చోట ఇది లెక్కలోకి రాదు. మీ ప్రెషర్ పంపు రెండు బార్లలోపే ఇస్తుంటే మాత్రం తేడా కనబడుతుంది. దానికి ఇరుకు నాజిల్, పొడవాటి పైపు, కిటికీ అంచు దగ్గర ఒక మడత కూడా తోడైతే పీల్పు పూర్తిగా ఆగిపోతుంది. పైపు చివర వాల్వ్ కంటే కిందే ఉండటం మంచిది. పొడవు ఇరవై అడుగులు దాటితే అర అంగుళం బదులు ముప్పావు అంగుళం పైపు వేయించండి. ఇక ఫ్లోర్ ట్రాప్ పొంగుతోందంటే ట్రాప్‌లో తప్పుంది, సాఫ్ట్‌నర్‌లో కాదు. జాలీ తీసి కప్పు బయటికి లాగి, జుట్టు, సబ్బు జిడ్డు శుభ్రం చేయిస్తే నిమిషానికి పది లీటర్లు హాయిగా పోతాయి. ఆ పని చేయించి పైపును మళ్లీ కిందికే తెచ్చుకోండి.

తర్వాత చూడాల్సింది నాజిల్ లోపలి రంధ్రం. పాత ముక్కు దగ్గర పైపు లోపలి వ్యాసం అర అంగుళం, అంటే సుమారు 12.5 మిల్లీమీటర్లు. ప్లంబర్ తెచ్చింది 3/8 అంగుళం సైజుదై ఉండి, దానికి రెడ్యూసర్ తగిలించి ఉంటే దారి సగానికి సగం ఇరుకైపోయినట్టే. పాత ముక్కను పక్కన పెట్టుకుని పోల్చి చూడండి.

ఆ పాత ముక్కను దయచేసి పారేయకండి. పారేసి ఉంటే చెత్త బుట్టలో వెతికైనా తీయండి. చాలా మోడళ్లలో డ్రైన్ ఫిట్టింగ్ లోపలో, దాని వెనక వాల్వ్ బాడీలోనో చొక్కా గుండీ అంత రబ్బరు బిళ్ల ఒకటి ఉంటుంది, మధ్యలో చిన్న బెజ్జంతో. సర్వీసు వాళ్లు దీన్ని ఫ్లో కంట్రోల్ బటన్ అనో డీఎల్‌ఎఫ్‌సీ అనో అంటారు. ఒత్తిడి పెరిగితే ఆ రబ్బరు వంగి బెజ్జాన్ని సన్నం చేస్తుంది, తగ్గితే వదులవుతుంది. అందువల్ల పంపు ఎంత ఒత్తిడి ఇచ్చినా బ్యాక్‌వాష్ ఒకే ధారగా సాగుతుంది. పాత ఫిట్టింగ్‌తోపాటు ఈ బిళ్ల కూడా వెళ్లిపోతే బ్యాక్‌వాష్ అదుపు తప్పుతుంది, రెజిన్ గింజలు పైకి లేచి డ్రైన్‌లో కొట్టుకుపోతాయి. అవి ఆవగింజకన్నా చిన్నవి, తేనె రంగువి. పైపు చివర ఛాంబర్‌లో అలాంటి గింజలు కనిపిస్తే బటన్ లేదని ఖాయం చేసుకుని, వెంటనే రీజనరేషన్ ఆపించండి. పోయిన రెజిన్ డబ్బు పెట్టి కొనాల్సిందే.

బటన్ ఉందో లేదో ఊహించనవసరం లేదు, బకెట్‌తో కొలవవచ్చు. మాన్యువల్ రీజనరేషన్ మొదలుపెట్టి, బ్యాక్‌వాష్ నడుస్తుండగా పైపు చివర బకెట్ పెట్టి ఒక నిమిషం పట్టండి. పది అంగుళాల సిలిండర్‌కు తొమ్మిది, పది లీటర్లు రావాలి. ఎనిమిది అంగుళాల దానికైతే ఆరు లీటర్ల చుట్టూ ఉంటుంది. ఇరవై లీటర్ల బకెట్ నిమిషంలోపే నిండితే బటన్ లేనట్టు. నాలుగు లీటర్లు కూడా రాకపోతే దారిలో అడ్డముంది: ఇరుకు నాజిలో, మడతో, బెజ్జంలో ఇరుక్కున్న టెఫ్లాన్ పీలికో.

ఇక కారడం. మీరు తెచ్చుకునే కొత్త ఫిట్టింగ్ మీ వాల్వ్ కంపెనీదే కావాలని గట్టిగా చెబుతున్నాం. కారణం థ్రెడ్. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ప్లంబింగ్ సామానంతా బీఎస్‌పీ అనే బ్రిటిష్ ప్రమాణం థ్రెడ్‌తో ఉంటుంది. అమెరికన్ డిజైన్ వాల్వులు కొన్ని ఎన్‌పీటీ అనే అమెరికన్ ప్రమాణం థ్రెడ్‌తో వస్తాయి. అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. అందుకే ఒకటి ఇంకొకదాంట్లో చక్కగా ఎక్కుతుంది, సరిపోయిందనే అనిపిస్తుంది. కానీ థ్రెడ్ కోణం ఒకదానిది 55 డిగ్రీలు, ఇంకోదానిది 60. నాలుగు చుట్లు తిరిగాక బిగుసుకుపోతుంది, లోపల సందు మిగులుతుంది, ఒత్తిడి రాగానే బొట్టు పడుతుంది. ఇంకా బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది. మీ సాఫ్ట్‌నర్ అమ్మిన వాళ్ల సర్వీసు నంబరుకు ఫోన్ చేసి, వాల్వ్ హెడ్ మీదున్న మోడల్ నంబరు చెప్పి, డ్రైన్ ఫిట్టింగ్, ఓ-రింగ్ (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు), ఫ్లో కంట్రోల్ బటన్ మూడూ కలిపి అడగండి. విరిగిన ముక్క ఫోటో కూడా పంపితే తప్పు సామాను రాదు. పైపు, క్లాంపు మాత్రం ఎస్‌జేపీ రోడ్డులోనో, మీ వీధి హార్డ్‌వేర్ షాపులోనో తెచ్చుకోవచ్చు.

కావలసినవి ఎక్కువేం కావు. నైలాన్ దారం అల్లిన అర అంగుళం బ్రెయిడెడ్ పీవీసీ పైపు మూడు మీటర్లు, స్క్రూతో బిగించే స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపు ఒకటి, గోడకు పైపును పట్టించే శాడిల్ క్లాంపులు రెండు, టెఫ్లాన్ టేపు, సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు, స్క్రూడ్రైవరు, సర్దుబాటు స్పానరు, బకెట్, పాత తువ్వాలు. వ్యాజలైన్, కొబ్బరినూనె లాంటివి ఓ-రింగుకు రాయకండి. వ్యాజలైన్ పెట్రోలియంతో చేసింది, దానికి కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. తోట పైపు వాడొద్దు. అది ఎండకు గట్టిపడి ముక్కు దగ్గరే పగులుతుంది.

పని పగలు పెట్టుకోండి, రీజనరేషన్ లేని సమయంలో. ముందు బైపాస్ (నీళ్లను సాఫ్ట్‌నర్‌లోకి పోనివ్వకుండా నేరుగా పంపే వాల్వ్) తిప్పండి. బైపాస్ లేకపోతే సాఫ్ట్‌నర్‌కు వచ్చే, పోయే రెండు వాల్వులూ మూసి, ప్రెషర్ పంపు స్విచ్ ఆపండి. సిలిండర్‌లో ఒత్తిడి అలాగే నిలిచి ఉంటుంది. దాన్ని దించడానికి మాన్యువల్ రీజనరేషన్ బటన్ నొక్కి, వాల్వ్ బ్యాక్‌వాష్ స్థానానికి వచ్చేదాకా ఆగండి. డ్రైన్‌లో కాసిన్ని నీళ్లు వచ్చి ఆగిపోతాయి. ఆ తర్వాతే అడాప్టరు ప్లగ్ తీయండి. నేల తడిగా ఉన్నప్పుడు ప్లగ్ ముట్టుకోకండి, ముందు తుడవండి.

పైపు తీసేటప్పుడు మెలితిప్పి లాగితే మిగిలిన ముక్కు కూడా విరుగుతుంది. క్లాంపు వదులు చేసి నేరుగా లాగండి. రాకపోతే పైపును బ్లేడుతో నిలువుగా చీల్చి తీయండి, పైపు పోయినా ఫర్వాలేదు. ఫిట్టింగ్‌ను యూ ఆకారం క్లిప్పు పట్టి ఉంచే మోడలైతే క్లిప్పును స్క్రూడ్రైవరుతో నేరుగా పైకి లేపి, ఫిట్టింగ్‌ను బయటికి లాగండి. థ్రెడ్‌ది అయితే ఒక చేత్తో వాల్వ్ హెడ్‌ను గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో అపసవ్యంగా తిప్పండి. హెడ్‌ను పట్టుకోకుండా స్పానరుతో తిప్పితే మొత్తం హెడ్ సిలిండర్ మీద కదిలి, ఇంకో చోట కారడం మొదలవుతుంది. విరిగిన ముక్క థ్రెడ్‌లోనే ఇరుక్కుని ఉంటే దాన్ని సుత్తితో పొడవకండి. ప్లంబర్ల దగ్గర నిపిల్ ఎక్స్‌ట్రాక్టర్ అనే పనిముట్టు ఉంటుంది. దాన్ని లోపల దూర్చి తిప్పితే ముక్క ఊడి వస్తుంది, వాల్వ్ థ్రెడ్‌కు దెబ్బ తగలదు.

ఫిట్టింగ్ బయటికి రాగానే లోపలా, వాల్వ్ రంధ్రంలోనూ చూసి, రబ్బరు బిళ్ల ఎటు తిరిగి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అది రెండు వైపులా ఒకేలా ఉండదు. తిరగేసి పెడితే ధార అదుపు తప్పుతుంది. బిళ్లను మంచినీళ్లలో కడిగి, బెజ్జంలో ఇసుకో, సున్నమో ఉంటే అగ్గిపుల్లతో తీయండి. సూదితో పొడిస్తే బెజ్జం పెద్దదవుతుంది.

కొత్తది బిగించేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఓ-రింగ్ ఉన్న ఫిట్టింగ్‌కు టేపు చుట్టకూడదు. అక్కడ నీటిని ఆపేది ఓ-రింగే. టేపు మందంతో ఫిట్టింగ్ పూర్తిగా లోపలికి కూర్చోదు, రింగ్ సరిగ్గా నొక్కుకోదు. రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా రాసి నేరుగా నొక్కి, క్లిప్పు రెండు కాళ్లూ గాడిలో పడ్డాయో లేదో చూడండి. ఓ-రింగ్ లేని థ్రెడ్ అయితే టేపు నాలుగైదు చుట్లు, థ్రెడ్ కొస మీ వైపు తిప్పి పట్టుకుని సవ్యదిశలో చుట్టండి. మొదటి చుట్టు థ్రెడ్‌ను వదిలేయండి. దాని మీద టేపు ఉంటే పీలికలు తెగి లోపలికి పోయి బటన్ బెజ్జాన్ని మూస్తాయి. చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన స్పానరుతో పావు చుట్టు, అంతే. పైపులకు రాసే సాల్వెంట్ సిమెంట్, పెయింట్ లాంటి జాయింట్ పేస్టులు ఈ ప్లాస్టిక్ దరిదాపులకు తేవొద్దు. అవి ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తాయి. మీ పాత ముక్కు విరగడానికి అదీ ఒక కారణం కావచ్చు, కానీ ఎక్కువ ఇళ్లలో కారణం పైపు బరువే. నీళ్లు నిండిన పైపు ఆసరా లేకుండా వేలాడుతుంటుంది. బ్యాక్‌వాష్ తెరుచుకున్న క్షణంలో ఒక్క కుదుపు కుదుపుతుంది. ప్రతిసారీ ఆ కుదుపు ముక్కు మొదట్లో పడి, ఏదో ఒక రాత్రి విరుగుతుంది.

అందుకే పైపు ఎక్కించే తీరు మీద శ్రద్ధ పెట్టండి. కొసను నిటారుగా కోసి, ఒక నిమిషం వేడినీళ్లలో ముంచితే మెత్తబడి ముక్కు మీదికి సులువుగా ఎక్కుతుంది. మంట చూపించకండి. పైపు ముక్కు మొదలు దాకా వెళ్లాలి. క్లాంపు ముక్కు మీది గాట్ల వెనక ఉండాలి, చిట్టచివర కాదు. పైపు కొద్దిగా నొక్కుకునేదాకా బిగించి ఆపండి. బైండింగ్ వైరుతో కట్టడం అలవాటుగా చూస్తుంటాం, అది పైపును కోస్తుంది. ముక్కు నుంచి ఒక అడుగులోపే గోడకు శాడిల్ క్లాంపు కొట్టించండి, రెండోది పైపు చివర దగ్గర. చివరను ఫ్లోర్ ట్రాప్‌లోకి దూర్చేయకండి. జాలీకి కనీసం రెండు అంగుళాలు పైన నిలవాలి. కరెంటు పోయి పంపు ఆగి, లైన్‌లో ఒత్తిడి పడిపోయినప్పుడు మురుగునీటిని వెనక్కి పీల్చే ప్రమాదం ఆ ఖాళీతో తప్పుతుంది. వాషింగ్ మెషీన్ పైపుతో దీన్ని కలపొద్దు. మెషీన్ నీళ్లు వదిలే వేగానికి సాఫ్ట్‌నర్ దారి మూసుకుపోతుంది.

నీళ్లు తిరిగి ఇచ్చేటప్పుడు ఇన్‌లెట్‌ను పావు వంతే తెరవండి. ఒక్కసారిగా తెరిస్తే లోపలి గాలి రెజిన్‌ను ఎగదోస్తుంది. ప్లగ్ పెట్టి, వాల్వ్ బ్యాక్‌వాష్‌లో ఉండగా గాలి బుడగలు పోయేదాకా ఆగి, తర్వాత పూర్తిగా తెరవండి. జాయింట్ కింద టిష్యూ కాగితం చుట్టి పది నిమిషాలు చూడండి. పొడిగా ఉంటే గెలిచినట్టే. ఆ తర్వాత ఉప్పు పీల్చే దశ వస్తుంది. అప్పుడు డ్రైన్‌లో ధార బాగా సన్నబడటం సహజం, కంగారు పడకండి. ఉప్పు డబ్బాలో నీటిమట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి పావుగంట తర్వాత చూడండి. మట్టం దిగితే పని అయింది. దిగకపోతే డ్రైన్ దారి నిర్దోషి. ఇంజెక్టర్ రంధ్రం బోరు మట్టితో మూసుకుపోయి ఉండొచ్చు, లేదా ఉప్పు గొట్టం నట్టు దగ్గర గాలి పీలుస్తుండొచ్చు. ఇంజెక్టర్ మూత విప్పి కడగడం సర్వీసు మనిషి పని.

కానీ దీనికి ముందు డబ్బాలో పెరిగిన నీళ్లు తోడేయాలి. అలాగే వదిలేస్తే మొత్తం ఉప్పునీళ్లూ ఒకేసారి లోపలికి పోయి, కడిగే సమయం చాలక, కుళాయిల్లో ఉప్పునీళ్లు వస్తాయి. ఒక లీటరు నీళ్లు సుమారు 360 గ్రాముల ఉప్పును కరిగించుకుంటాయి. రీజనరేషన్‌కు మూడు కిలోలు వాడే సెట్టింగ్ అయితే తొమ్మిది లీటర్లు చాలు. మగ్గుతో తోడి అంతే ఉంచండి. మీ రెజిన్ ఇన్నాళ్లుగా ఉప్పు అందక పూర్తిగా అలసిపోయి ఉంది. కనుక ఒక రీజనరేషన్ పూర్తయ్యాక, ఉప్పు కరగడానికి మూడు నాలుగు గంటలు ఆగి, రెండోది కూడా చేయించండి.

ఫలితాన్ని టీడీఎస్ మీటరుతో (నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపేది) కొలవకండి. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది. మీటరు అంకె దాదాపు అలాగే ఉంటుంది, సాఫ్ట్‌నర్ పనిచేయట్లేదని అనవసరంగా గొడవపడతారు. హార్డ్‌నెస్ టెస్ట్ కిట్ తెచ్చుకోండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం గట్టితనం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా అనుమతి. సాఫ్ట్‌నర్ తర్వాత కుళాయిలో 50 దాటకూడదు.

ఒకవేళ రీజనరేషన్ లేని వేళల్లో కూడా డ్రైన్‌లో సన్నగా నీళ్లు పోతూనే ఉంటే, అది ఫిట్టింగ్ లోపం కాదు. వాల్వ్ లోపలి పిస్టన్ సీళ్లు అరిగిపోయాయి. అక్కడ మీ చేయి పెట్టకుండా సర్వీసుకు చెప్పండి.

మొక్కల సంగతి. ఉప్పు పీల్చే దశ, ఆ తర్వాత కడిగే దశ నీళ్లు మొక్కలకు పోస్తే వేళ్లు మాడతాయి, మట్టి బిగుసుకుపోతుంది. వాన నీటి ఇంకుడు గుంతలోకీ పంపొద్దు. అది మీ బోరులోకే తిరిగొస్తుంది, పక్కింటి బోరులోకీ పోతుంది. నేరుగా మురుగు లైనులోకే పోవాలి. మొదటి బ్యాక్‌వాష్ నీళ్లు మాత్రం వేరు. మీ వాల్వ్ బ్యాక్‌వాష్‌తోనే మొదలవుతుంటే, ఆ పది నిమిషాల్లో వచ్చే తొంభై లీటర్లలో ఉప్పుండదు. కాస్త మట్టి ఉన్న బోరు నీళ్లే అవి. ఒక డ్రమ్ములో పట్టి, ఇల్లు తుడవడానికో, టాయిలెట్లలో పోయడానికో వాడుకోండి. ధార సన్నబడగానే పైపు మళ్లీ ట్రాప్ మీదికి మార్చి క్లాంపుకు తగిలించండి.